లొట్టి దించంగనే

ఇయ్యాల పొద్దుగాల రాయగిరి దిక్కు పోయినం. గౌడ్ మామ లొట్టి దించంగనే తాటాకు రేకల పోసిండు.

మొదటి గుక్క తియ్యగ. ఎన్కనే సన్నటి పులుపు, నాలుక మీద చుర్రుమనే నురగ.

అదే కల్లు ఎండ ఎక్కినంక వేరే. తీపి తగ్గుతది, పులుపు ముందుకొస్తది, మత్తు తెలుస్తది. ఎవరూ ఈస్ట్ కలపలే. గాలిల, లొట్టిల ఉన్నదే ఆ పని చేస్తది. లోపల సున్నం పూస్తె పులువదు, నీరా అయితది.

బెల్జియంల, బ్రస్సెల్స్ చుట్టుపక్కల చేసే లాంబిక్ బీరు గూడ గిట్లనే గాలిల ఈస్ట్‌తోనే పులుస్తది. వాళ్ళు చెక్క పీపాలల్ల మూడేండ్ల దాక గూడ పెడ్తరు, ఆ రుచి మీద పుస్తకాలే రాసిండ్రు.

మన కల్లు రుచి మాత్రం గీసేటోళ్ళ నాలుక మీదనే ఉంది. పోతుతాడుదా, పండుతాడుదా, ఏ పూట దించింది... మామ ఒక్క గుక్కల చెప్తడు. పెద్ద విద్య అది!

క్లోరల్ హైడ్రేట్, అల్ప్రాజోలం కలిపిన కల్లు తాగి పాణాలు పోతున్న కాలంల, అసలు రుచి ఎరిగినోళ్ళు మనకు శానా అవసరం.

మీ ఊర్ల తాడుదా, ఈతదా? ఏ నెలల బాగుంటది? చెప్పుండ్రి.