గుర్రుమన్న కుక్కను కొట్టకండి

మదనపల్లె, పుంగనూరు, కుప్పం. పశువైద్యుడిగా ఈ మూడు చోట్లా కుక్కల యజమానుల నోట నేను తరచూ వినే మాట: "దీనికి కుళ్ళు సార్." ఆ మాటను కొట్టిపారేయను. 2014లో శాన్‌డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో క్రిస్టీన్ హారిస్, కరోలిన్ ప్రూవో 36 పెంపుడు కుక్కలను పరీక్షించారు. యజమాని పుస్తకం చదువుతుంటే అంతగా పట్టించుకోని కుక్కలు, మొరిగి తోకాడించే బొమ్మకుక్కను ముద్దుచేస్తుంటే మాత్రం కొన్ని మధ్యలో దూరాయి, చాలావరకు యజమానిని తాకాయి, నెట్టాయి. అది అచ్చం మనుషుల అసూయేనా అన్న వాదన ఇంకా నడుస్తోంది. ఇంట్లో పసిబిడ్డ ఉంటే అది తేలేదాకా ఆగలేం.

మదనపల్లెలో ఒకింటి కూతురు తొలికాన్పుకు పుట్టింటికొచ్చింది. అంతవరకు తాత కాళ్ళ దగ్గర పడుకున్న పొమరేనియన్‌ను బిడ్డ పుట్టగానే పెరట్లో కట్టేశారు. బిడ్డను ఒళ్ళోకి తీసుకుంటే చాలు, గుర్రుమంటోందట. "రెండు తగిలిస్తే గమ్మునుంటాది గదా సార్?" అన్నాడాయన. గమ్మునే ఉంటుంది. నా భయమంతా అదే. గుర్రుమనడం కుక్క ఇచ్చే హెచ్చరిక. కొట్టి మాన్పిస్తే హెచ్చరిక పోతుంది, లోపలి బెదురు పోదు. ఆ తర్వాత చెప్పకుండానే కరవొచ్చు.

ముందు చెవులు, పళ్ళు, కీళ్ళు చూశాను. నొప్పి ఉన్న కుక్క కూడా ఇలాగే కసురుకుంటుంది. ఏమీ లేదు. అప్పుడు చెప్పాను: బిడ్డ గదిలో ఉన్నప్పుడే దానికి ఉడికించిన కోడిముక్కలు, తాత పలకరింపు, బిడ్డను తీసుకెళ్ళగానే రెండూ ఆపేయాలి. జనం సరిగ్గా తిరగేసి చేస్తారు. బిడ్డ నిద్రపోయాక జాలిపడి కుక్కను దగ్గరికి తీస్తారు. బిడ్డ ఉంటే తనకేమీ దక్కదని దానికి నేర్పేది వాళ్ళే! మొదట్లో దూరంగా, తాడు పట్టుకునే ఉండాలి. కంటి తెల్లగుడ్డు కనబడినా, ఊరికే మూతి నాక్కుంటున్నా, ఒళ్ళు బిగదీసినా ఇంకాస్త దూరం జరపాలి. వారాలు పట్టింది. ఇప్పుడు బిడ్డ ఏడిస్తే అది ముక్క కోసం తాత ముఖంకేసి చూస్తోంది. అయినా ఇద్దర్నీ ఒంటరిగా వదలొద్దన్నాను. పంటి గీత పడినా సబ్బుతో 15 నిమిషాలు కడిగి, రేబిస్ టీకా కోసం ఆసుపత్రికి పోవాల్సిందే.

పుంగనూరులో పోటీ దూడతో. ఎత్తు సుమారు మూడడుగులే ఉండే పుంగనూరు ఆవులను ఇప్పుడు ముద్దుకు ముంగిట్లో పెంచుతున్నారు. దూడను నిమిరితే చాలు, లాబ్రడార్ అడ్డంపడేది. దూడ వచ్చాక మానేసిన సాయంత్రం నడక మళ్ళీ మొదలుపెట్టగానే సగం తగ్గింది.

కుప్పంలో బెంగళూరు నుంచి రెండో కుక్కపిల్లను తెచ్చి, పాతదాని గిన్నెలోనే తినమన్నారు. గిన్నెలు వేరు, తినే గదులు వేరు, నడక వేరు చేయించాను. చాలా ఇళ్ళలో దీంతో సర్దుకుంటాయి. ఇక్కడ సర్దుకోలేదు, పిల్ల చెవికి కుట్లు పడ్డాయి. ఆ పిల్లను యజమాని అక్కగారింటికి పంపించమని నేనే చెప్పాను.