పులిని పిలిచే మాట

జంషెడ్‌పూరుకు ఉత్తరాన దల్మా కొండలు. ఊరి అంచున సువర్ణరేఖలో ఖర్కాయి నది వచ్చి కలుస్తుంది. 1908లో ఉక్కు కార్ఖానా కట్టడం ఆరంభమయ్యేనాటికి అక్కడ ఉన్నవి సాక్చి వంటి పల్లెలే. కార్ఖానాతోపాటు నానాదేశభాషలు ఆ ఊరు చేరినవి. తెలుగు కూడా చేరినది. వీటన్నిటికంటె ముందునుంచీ ఆ నేలమీద ఉన్నవి హో, సంతాలీ, భూమిజ్ వంటి ముండా భాషలు. 2024 డిసెంబరులో సిమిలిపాల్ అడవినుంచి ఆడపులి ఒకటి బయలుదేరి చాకులియా ప్రాంతానికి వచ్చినప్పుడు పత్రికలు దానిని జీనత్ అనే పేరుతో వ్రాసినవి. సంతాలీలో పులి 'కుల్', హోలో 'కులా'. ఆ చిన్న మాట వెంట నడిచిపోతే దారి చీనాదేశం చేరుతుంది.

చీనావారు పులిని నేడు 'హూ' అంటారు. ప్రాచీనులు అట్లా పలికేవారు కాదు. చీనాలిపి అర్థాన్ని దాచినంత భద్రంగా ధ్వనిని దాచలేదు. అందుచేత పాతకవితల ప్రాసలను, అక్షరాలలో ధ్వనిని సూచించే భాగాలను, పొరుగుభాషలు అరువు తీసుకొన్న పదాలను పట్టుకొని పండితులు పూర్వపు ఉచ్చారణను ఊహించవలసి వచ్చినది. 1976లో జెర్రీ నార్మన్, త్సూలిన్ మెయ్ అనే ఇద్దరు ఒక వ్యాసంలో, ఈ 'హూ'కు పూర్వరూపం కకార లకారాలతో కూడినదనీ, దక్షిణచీనాలో ఒకప్పుడు నివసించిన ఆస్ట్రో-ఆసియా భాషల జనులనుంచి అది చీనావారికి సంక్రమించినదనీ వాదించినారు. యాంగ్‌ట్సీ నదిపేరైన 'జియాంగ్' కూడా ఆ జనులదేనట. మోన్ భాషలో నది 'క్రుంగ్', వియత్నాంలో 'సొంగ్'. ముండా భాషలు ఆ కుటుంబంలోనివే. మోన్, ఖ్మేర్ భాషలతో వీటికిగల చుట్టరికాన్ని 1906లో విల్‌హెల్మ్ ష్మిట్ స్థాపించి, కుటుంబానికి ఆ పేరు పెట్టినాడు.

ఇక్కడ తొందర పనికిరాదు. హో జాతిపేరు, హ్వాంగ్ హో నదిపేరు ఒకేవిధంగా వినిపించినంత మాత్రాన సంబరపడే ఔత్సాహికులు ఉండవచ్చును. 'హో' అంటే ఆ జాతివారి భాషలో మనిషి. నదిని వారు 'గాడా' అంటారు. చెవికి తోచిన పోలిక వేరు, ధ్వనులు నియమంగా సరిపడడం వేరు.

దక్షిణపు జనులు తమ మాటలను తాము వ్రాసి ఉంచలేదు. మిగిలినవి ఇతరులు ఎత్తి వ్రాసుకొన్నవే. హాన్‌కాలంలో యాంగ్ షియుంగ్ అనే పండితుడు రాజధానికి వచ్చిన సైనికులనూ, ఉద్యోగార్థులనూ పట్టుకొని, మూడంగుళాల కుంచె, నాలుగడుగుల నూనెపట్టు చేతబట్టి, "మీ వైపు దీనిని ఏమంటారు?" అని ఇరవైయేడేండ్లు అడిగినాడు. విసుగులేని మనిషి! క్రీస్తుశకం రెండవ శతాబ్దపు వ్యాఖ్యాత జెంగ్ షువాన్ మరొక మాట కాపాడినాడు: యుయె జనులు చావును 'జా' అంటారట. వియత్నాంలో చనిపోవడం 'చెట్'. సంతాలీలో 'గొచ్', చివరి హల్లు నోటిలోనే సగం ఆగిపోతుంది. అయితే ఆ 'జా' ఉత్తరాది ప్రాచీనగ్రంథాలలోనే మహామారి చావు అనే అర్థంలో కనబడుతున్నది గనుక, అది యుయె జనులది కాకపోవచ్చునని సంశయించినవారున్నారు. ఆ సంశయం న్యాయమైనదే. పులిమాటకున్న బలం దీనికి లేదు.

భాష చుట్టరికం చూపి, సింగ్‌భూమ్ పల్లెవాసుల పూర్వులు యాంగ్‌ట్సీ తీరంనుంచి వచ్చినారనడం మరింత సాహసం. ఈ కుటుంబం పుట్టిన తావు గురించి పండితులు నేటికీ ఏకీభవించలేదు. కాని 'కులా' అనే మాట ఏ తాళపత్రంలోనూ దొరికినది కాదు. 2011 జనాభా లెక్కలలో హో మాతృభాషగా చెప్పుకొన్న 14 లక్షలకు పైబడిన జనం నోట ఉన్నది. కార్ఖానా ఊరిలో పెరిగే పిల్ల పులిని హిందీలో 'బాఘ్' అనడం అలవాటు చేసుకొంటే, చీనాచరిత్రకు కూడా ఒక సాక్షి తగ్గుతుంది.

తెలుగువారిలో ఈ పనికి పూనుకొన్నవాడు గిడుగు రామమూర్తి పంతులు. ఆయన పర్లాకిమిడిలో ఉండి నేర్చిన సవరభాష కూడా ముండాశాఖలోనిదే. వాడుకభాష ఉద్యమాన్ని తలచుకొనేవారు ఈ పనిని తరచుగా మరచిపోతారు. ఆయన సవరవ్యాకరణం 1931లోనూ, నిఘంటువు 1938లోనూ మద్రాసులో అచ్చయినవి.