పడవెక్కే ముందు ఒక మాట

యారాడలో నాకు బాగా తెలిసిన కుర్రాళ్ళు నలుగురు ఈమధ్య వచ్చి, "డాక్టరు గారూ! తెరచాప పడవ మీద పోర్ట్ బ్లెయిర్ దాకా వెళ్ళాలనుకుంటున్నాం. ఏ మందులు పట్టుకెళ్ళమంటారు?" అని అడిగారు. చీటీ రాసే ముందు వాళ్ళకొక సంగతి చెప్పాను. పాఠకులకూ అదే మనవి చేస్తాను.

హౌస్ సర్జన్‌గా ఉన్న రోజుల్లో నేను, ముగ్గురు మిత్రులు యారాడ తీరం నుంచి ఒక జాలరి నావ మీద రాత్రివేళ సముద్రంలోకి వెళ్ళాం. డాల్ఫిన్స్ నోస్ కొండ మీది లైట్‌హౌస్ వెలుగు చిన్నదైపోతుంటే మాకెంతో సరదాగా ఉంది. అసలీ ప్రయాణం తలపెట్టిన మిత్రుడు మాత్రం చీకట్లో నావ అంచు మీదికి వంగి వాంతులు చేసుకుంటూనే ఉన్నాడు. ఎవరికీ చెప్పలేదు. అతడి పక్కనే కూర్చుని నేను చుక్కల పేర్లు చెబుతున్నాను!

మరునాడు ఎండెక్కాక నావ నడిపే పెద్దాయన అన్నాడు: "బాబూ, ఆ బాబు రాత్రినుంచీ ఒంటేలుకెల్లలేదు. మాటా ఆడ్డం నేదు. కాస్త సూడండి."

చూద్దును గదా, కళ్ళు లోతుకు పోయాయి. నాలుక పిడచగట్టింది. పిక్కలు పట్టేశాయి. కుండలో నీళ్ళు మేమే తాగేశాం. పెద్దాయన దగ్గరున్న కొబ్బరి బొండాల నీళ్ళలో చిటికెడు ఉప్పు వేసి గుక్క గుక్కగా పట్టించాం. ఒడ్డుకు చేరాక సెలైన్ ఎక్కించాల్సి వచ్చింది. తేరుకున్నాక "మీ సరదా పాడుచేయడమెందుకని ఊరుకున్నాన్రా" అన్నాడు. అతడు చెప్పకపోవడం మొహమాటం. వైద్యం చదివిన నేను అడగకపోవడం నేరం.

పడవ మీద కాపురమంటే ఇరుకు, తడి, తెగిన నిద్ర. 2017 సెప్టెంబరు 10న ఆరుగురు నౌకాదళ మహిళా అధికారులు గోవా నుంచి 'తారిణి' అనే తెరచాప పడవ మీద భూప్రదక్షిణకు బయలుదేరారు. వారిలో మన విశాఖ ఆడపడుచు పి. స్వాతి, హైదరాబాదుకు చెందిన బి. ఐశ్వర్య ఉన్నారు. పడవ పొడవు సుమారు 17 మీటర్లు. ఆస్ట్రేలియాలోని ఫ్రిమాంటిల్ చేరడానికే 40 రోజులు దాటింది. తిరిగి గోవా చేరింది 2018 మే 21న. ఆరుగురిలో ఒక్కరూ డాక్టరు కాదు. అటువంటి చోట ఒకరి ఒంటిని మరొకరు కనిపెట్టుకోవలసిందే.

ఇంతకీ ఈ వాంతులెందుకు? లోచెవిలో ఒంటి కదలికను పసిగట్టే ఏర్పాటు ఉంది. పడవ ఊగుతోందని చెవి చెబుతుంది. ఎదుటి గోడ కదలడం లేదని కన్ను చెబుతుంది. ఈ తగవులో నలిగేది కడుపు! పడవ మధ్యభాగంలో, గాలి తగిలేచోట కూర్చుని దిగంతాన్ని చూడండి. చాలామందికి రెండు మూడు రోజుల్లో అలవాటవుతుంది. వాంతుల మాత్ర బయలుదేరకముందే వేసుకోవాలి. అది మత్తునిస్తుంది కనుక దానికి మద్యం తోడు చేయరాదు. కంట్లో నీటికాసులున్నవారు, మూత్రం కష్టంగా వచ్చేవారు డాక్టరునడిగి వాడాలి.

వాంతులవుతుంటే గుక్క గుక్కగా ఓ.ఆర్.ఎస్. నీరు తాగాలి. ప్యాకెట్లు లేకపోతే లీటరు మంచినీటిలో సమంగా ఆరు టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు కలపండి. సముద్రపు నీరు మాత్రం ఎంత దాహమైనా వద్దు. లీటరుకు దాదాపు 35 గ్రాముల ఉప్పుంటుంది. దాన్ని బయటకు తోయడానికి ఒంట్లో ఉన్న మంచినీరే ఖర్చవుతుంది.

చుక్కాని దగ్గర వంతు మారినప్పుడల్లా పక్కవాణ్ణి నాలుగు ప్రశ్నలడగండి. నిద్రపట్టిందా? నీళ్ళెన్ని తాగావు? మూత్రం అయిందా, ఏ రంగులో? రోజూ వేసుకునే మాత్ర వేసుకున్నావా? బి.పి., షుగరు, మూర్ఛ మాత్రలు రెట్టింపు తీసుకెళ్ళి, తడవకుండా రెండు వేర్వేరు చోట్ల దాచాలి. ఎక్కడున్నాయో అందరికీ తెలియాలి. మూత్రం ఆగినా, మనిషి మత్తుగా తూగుతున్నా వెంటనే రేడియోలో సాయం కోరాలి.

కుర్రాళ్ళు సెలవు తీసుకున్నారు. కాసేపటికి నాలుగోవాడు ఒక్కడే వెనక్కి వచ్చాడు.

"డాక్టరు గారూ, నేను మూర్ఛకు మాత్రలు వాడుతున్నాను. వాళ్ళకు తెలియదు" అన్నాడు తల వంచుకుని.

"నిద్ర చెడితే మూర్ఛ తిరగబెట్టవచ్చు నాయనా. నడిసముద్రంలో అది నీ ప్రాణానికీ, వాళ్ళ ప్రాణాలకూ ముప్పే. ముందు నరాల డాక్టరుకు చూపించు. ఆయన సరేనన్నా, వాళ్ళకు చెప్పిన తర్వాతే పడవెక్కు" అన్నాను.

మూడోనాడు నలుగురూ కలిసే వచ్చారు. ప్రయాణం వాయిదా వేసుకున్నారట. అతడు ఒప్పుకున్నాడు కనుకనే ఇది రాస్తున్నాను.