వలందుల దేశపు ఏటిగట్ల మీద నాలుగు రోజులు

బందరు ఎరిగినవారికి వలందపాలెం పేరు కొత్త కాదు. పరాసులు ఉన్నచోటు పరాసుపేట, ఇంగ్లీషువారు ఉన్నచోటు ఇంగ్లీషుపాలెం, వలందులు అనగా హాలండు దేశస్థులు ఉన్నచోటు వలందపాలెం అయ్యాయి. 1605లోనే వారి ఓడ బందరు రేవుకు వచ్చింది. మన అద్దకపు బట్టలను వారు సముద్రాలు దాటించి అమ్ముకున్నారు. మా బావమరిది ఉద్యోగరీత్యా ఇప్పుడు ఆ దేశంలో కాపురముంటున్నాడు. "ఒక్కసారి వచ్చి చూసి వెళ్ళండి బావగారూ" అని మూడేళ్ళుగా పిలుస్తుంటే, సంఘపెద్దల దగ్గర సెలవు తీసుకొని, జూన్ నెలలో నేనూ నా భార్యా బయలుదేరాము. రెండు వారాల ప్రయాణంలో మొదటి నాలుగు రోజుల సంగతులు మాత్రమే ఇక్కడ చెప్పదలిచాను. ఎందుకంటే ఆ నాలుగు రోజులూ మేము తిరిగింది మన దివిసీమ వంటి లంకభూములలోనే.

విమానం ఆమ్‌స్టర్‌డామ్ దగ్గర స్కిపోల్ విమానాశ్రయంలో దిగింది. "బావగారూ, మీరిప్పుడు నిలబడింది ఒక పెద్ద సరస్సు అడుగునండీ" అన్నాడు మా బావమరిది. హాస్యమనుకున్నాను గాని నిజమే. ఆ సరస్సు తుఫాను వచ్చినప్పుడల్లా గట్లు కోసి చుట్టుపక్కల ఊళ్ళను మింగుతుండేది. చుట్టూ కట్ట వేసి, ఆవిరి యంత్రాలతో తోడి, 1852 నాటికి దానిని పొలంగా మార్చారు. విమానాశ్రయం సముద్రమట్టానికి మూడు మీటర్లు దిగువన ఉంది. అక్కడ నుండి రైలులో రోటర్‌డామ్ వైపు వస్తుంటే కిటికీ అవతల అంతా మన సీమలాగే చదును నేల, పొలానికి పొలానికి మధ్య కాలువలు, గట్ల మీద మేసే పశువులు. కొబ్బరిచెట్లు లేవు, అంతే తేడా. మరొక వింత ఏమంటే కాలువలో పడవ పొలం కంటే ఎత్తున పోతుంటుంది. క్రింద ఆవులు, పైన పడవలు!

మా బావమరిది ఇల్లు రోటర్‌డామ్ దాపున నియూవర్‌కెర్క్ అనే ఊళ్ళో ఉంది. ఆ దేశమంతటిలోకి అతి పల్లపు చోటు ఆ ఊరి పక్కనే. సముద్రమట్టానికి ఆరున్నర మీటర్లకు పైగా దిగువ. ఈ మాట విన్న దగ్గర నుండి నా భార్య మౌనంగా ఉంది. కారణం చదువరులకు చెప్పాలి. మా అత్తగారిది కోడూరు దిక్కు పల్లె. 1977 నవంబరు 19, శనివారం నాటి ఉప్పెనలో ఆమె తుమ్మచెట్టు పట్టుకొని బ్రతికింది. ఇద్దరు తమ్ముళ్ళు దక్కలేదు. ఆ రాత్రి సంగతి ఆమె పిల్లలకు కూడా ఎన్నడూ విడమరచి చెప్పలేదు. కొడుకు ఈ దేశం వచ్చినప్పటి నుండి ఫోనులో ఆమె అడిగేది ఒకటే: "ఇల్లు మిట్ట మీద ఉందా నాయనా?" మా బావమరిది ఏదో ఒక మాట చెప్పి దాటవేస్తున్నాడట.

రెండవరోజు రోటర్‌డామ్ వంతెన దగ్గర లాంచీ ఎక్కాము. దానిని వాటర్‌బస్సు అంటారు. మనకు బస్సు ఎలాగో వారికి అది అలాగ. ఆఫీసులకు పోయేవారు, సైకిళ్ళతో పిల్లలు అందరూ ఎక్కుతారు. ఎదురుమొండి పంటు మీద రద్దీ చూచిన కళ్ళకు ఆ వరుస, ఆ వేళ తప్పనితనం ముచ్చటగా అనిపించాయి. రైను నది ఆల్ప్స్ మంచుకొండలలో పుట్టి, సుమారు 1,230 కిలోమీటర్లు ప్రవహించి ఈ దేశంలో పాయలుగా చీలుతుంది. మన కృష్ణ పులిగడ్డ దగ్గర చీలినట్టే. అలాంటి పాయల కలయిక దగ్గర కిండర్‌డైక్ అనే చోట దిగాము.

అక్కడ కాలువల వెంట పందొమ్మిది గాలిమరలు నిలిచి ఉన్నాయి. ఎక్కువ భాగం 1740 ప్రాంతంలో కట్టినవి. 1997లో ప్రపంచ వారసత్వ స్థలాలలో చేర్చారు. మన వరి కాలువ ఎత్తు నుండి పల్లానికి నీరు తెస్తుంది. ఈ మరల పని దానికి తలక్రిందులు. పల్లపు చేలలోని మురుగును పైకెత్తి, అంచెలంచెలుగా చెరువులోకి తోడి, నదిలో పాటు ఉన్నప్పుడు తూములెత్తి బయటకు వదలాలి. గాలి మళ్ళినప్పుడల్లా మర తలను గాలికెదురుగా తిప్పుకోవాలి. రాత్రి గాలి వీస్తే రాత్రే లేవాలి. ఒక మర లోపలికి వెళ్ళి చూచాము. నిచ్చెనవంటి మెట్లు, అలమరలో అమర్చినట్టున్న పడకలు, చిన్న వంటగది, నెత్తి మీద ఇరుసు తిరిగే చప్పుడు. ఈనాడు తోడే పని మోటారు పంపులది. అయినా మరలలో కుటుంబాలు నివసిస్తూనే ఉన్నాయి, రెక్కలను తిప్పుతూనే ఉన్నాయి. అవసరం వస్తే ఆడేలా ఉండాలని వారి ఉద్దేశం.

కిండర్‌డైక్ అంటే బిడ్డ కట్ట అని అర్థం. పెద్ద ఉప్పెన తరువాత ఒక ఉయ్యాలతొట్టి నీటి మీద తేలుతూ వచ్చిందట. అది ఒరిగినప్పుడల్లా ఒక పిల్లి అటూ ఇటూ దూకి తొట్టిని నిలిపిందట. లోపల పసిబిడ్డ తడవకుండా నిద్రపోతూ ఈ కట్టకు చేరిందట. ఇది వారు పిల్లలకు చెప్పుకునే కథ.

మూడవరోజు డోర్‌డ్రెక్ట్ వెళ్ళాము. మూడు నదీపాయలు కలిసే పాత పట్టణం. 1618, 1619 సంవత్సరాలలో ప్రొటెస్టెంటు సంఘాల పెద్ద మహాసభ జరిగింది ఈ ఊళ్ళోనే. డచ్చి భాషలో బైబిలును మూలభాషల నుండి అనువదించాలని తీర్మానించింది కూడా ఆ సభే. ఆ అనువాదం 1637లో అచ్చయింది. ఏటి ఒడ్డున ఉన్న పెద్దగుడి గోపురం మెత్తని నేలలో దిగి ఒక పక్కకు ఒరిగిపోయింది. గుడిలో రంగుటద్దాల కిటికీ ఒకటి ఉప్పెన బొమ్మతో ఉంది. గుడి చూపించే పెద్దాయన దానివైపు చూపి, "మా ఊరు లంక అయింది ఆ రాత్రే. 1421, నవంబరు 18 రాత్రి, తెల్లవారితే 19" అన్నాడు.

నా భార్య చటుక్కున నా చెయ్యి పట్టుకుంది. మా దేశంలోనూ అదే తేదీ అని మా బావమరిది ఆయనకు వివరించాడు. ఆయన తలపాగా లేని మన పల్లెటూరి పెద్దమనిషిలాగే కాసేపు తల వంచుకొని నిలబడి, తరువాత మిగిలిన కథ చెప్పాడు. డెబ్బైరెండు గ్రామాలు పోయాయని పాతకాలపు మాట. ఆ లెక్క ఎక్కువని ఇప్పటి చరిత్రకారులంటారు. ముఖ్యమైనది మరొకటి. ఆ రోజులలో దొరలు రెండు పక్షాలై కొట్లాడుకుంటూ కట్టలను పట్టించుకోలేదు. వంటచెరకు కోసం, ఉప్పు కోసం కట్టల దాపునే బొగ్గుమట్టి తవ్వుకున్నారు. తుఫాను ఒక్క రాత్రి వచ్చింది, కట్ట మాత్రం ఎన్నో ఏళ్ళుగా బలహీనపడుతూ వచ్చింది. నాడు మునిగిన నేలలో కొంత భాగం ఈనాటికీ తేరుకోలేదు. బీస్‌బోస్ అనే పేరుతో మన మడ అడవిని తలపించే చిత్తడి అడవిగా ఉండిపోయింది.

ఆ ఊరి బజారులో నడుస్తున్నప్పుడు మరో సంగతి తెలిసింది. దుకాణాలున్న పెద్దవీధే కరకట్ట! నది వైపున్న పాత ఇళ్ళ గుమ్మాలకు రెండు పక్కలా గాడులున్నాయి. వరద వస్తే మన తూముకు పలకలు దించినట్టు వాటిలో పలకలు దించుతారు.

మన కృష్ణ ముందు రైను వరద చిన్నదే. రైను ఈ దేశంలోకి తెచ్చిన అతిపెద్ద వరద 1926లో, నాలుగున్నర లక్షల క్యూసెక్కులకు లోపు. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ నుండి వచ్చింది 11.43 లక్షల క్యూసెక్కులు. కాని రైను వేసవిలోనూ ఎండదు, దాని పక్కన మనుషులు ఏడాది పొడుగునా ఏమరకుండా ఉండాలి.

నాలుగవరోజు మా బావమరిది ఇంటికి దగ్గరలోని కట్ట మీదికి నడిచి వెళ్ళాము. 1953 జనవరి 31, శనివారం రాత్రి ఉత్తర సముద్రం పొంగి ఈ దేశంలో 1,836 మందిని బలిగొన్నది. కట్టలు చాలవని ఇంజనీరు ముందే చెప్పినా, యుద్ధం తరువాతి కరువులో పని సాగలేదు. ఆదివారం తెల్లవారుజామున ఈ కట్టా తెగింది. దీని వెనుక పల్లంలో ముప్పై లక్షలమంది ఉన్నారు. అప్పుడు ఆరీ ఎవెఖ్రూన్ అనే పడవ సరంగు తన సరుకు పడవను తెచ్చి గండికి అడ్డంగా తోశాడు. ప్రవాహమే దానిని లాకు తలుపులా గండికి అదిమిపెట్టింది. కట్ట నిలిచింది. ఆ చోట పడవ శిల్పం పెట్టారు. తరువాత దశాబ్దాలపాటు సముద్రపు మూతుల వద్ద అడ్డుకట్టలు కట్టారు. 1997లో తెరిచిన ఒక ద్వారం మూసుకుంటే 360 మీటర్ల వెడల్పు జలమార్గమే మూతపడుతుంది.

ఇవన్నీ డబ్బున్న దేశం పనులని తోచవచ్చు. నన్ను ఆలోచింపజేసింది అది కాదు. కట్టలు, మురుగు కాలువలు చూడడానికి వారికి ప్రత్యేకమైన నీటి పంచాయతీలున్నాయి. వందల ఏళ్ళనాటి ఏర్పాటు. నాలుగేళ్ళకొకసారి ఎన్నికలు, ప్రతి ఇంటి నుండి ఏటా నీటి పన్ను. మా బావమరిది కూడా కడుతున్నాడు. కట్ట చూడనివాడు నేల వదులుకోవాలి అన్నది వారి పాత నియమం.

ఆ సాయంకాలం నా భార్య తల్లికి ఫోను చేసింది. "మిట్ట కాదమ్మా, పల్లమే. కాని కట్ట మీద నడిచి చూచి వచ్చాను. దానిని చూచుకొనే మనుషులున్నారు" అంది. అవతల చాలాసేపు మాట లేదు. తరువాత మా అత్తగారు, మొదటిసారిగా, ఆ రాత్రి నీళ్ళు ఏ దిక్కు నుండి వచ్చాయో చెప్పడం మొదలుపెట్టింది.

మనమూ ఏమీ నేర్చుకోలేదనరాదు. 1977లో సుమారు పదివేలమంది పోయిన తీరానికే 1990 మేలో మళ్ళీ పెద్ద తుఫాను వచ్చింది. ముందుగా లక్షలమందిని తరలించడం వల్ల మృతులు వెయ్యికి లోపే. నీరు ఎంతవరకు వచ్చిందో చెప్పే స్మారక స్థూపం మన సీమలోనూ ఉంది. కాని స్థూపం కట్టను కాయదు. దివిసీమ కుటుంబాలు రెండు పనులు చేయవచ్చు. వానాకాలానికి ముందు ఒకసారి పిల్లలను తీసుకొని మీ ఊరి కరకట్ట మీద నడవండి. ఎక్కడ బండిదారికోసం తెగ్గొట్టారో, ఎక్కడ మట్టి జారిందో, ఏ తూము తలుపు తుప్పుపట్టిందో, ఎక్కడ మడచెట్లు నరికారో వ్రాసి పంచాయతీకి ఇవ్వండి. రెండవది, ఆ ఉప్పెన కళ్ళారా చూచిన పెద్దలు మీ ఇంట్లో ఉంటే ఈ నవంబరు లోపల వారి పక్కన కూర్చొని అడగండి. వారు చెప్పింది తేదీతో, ఊరి పేరుతో, నీరు నిలిచిన ఎత్తుతో నోటు పుస్తకంలో వ్రాసి దాచండి. అలా చెప్పగలవారు మన మధ్య ఏటేటా తగ్గిపోతున్నారు.