ఎండాకాలం మా పెరట్లో ఏం వేశాం

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసివ్వమని నోటీసు పెట్టినప్పుడు మా గదివాళ్ళం చాలాసేపు ఆలోచించాం. అంబేడ్కర్ గారి మీద రాసేవాళ్ళున్నారు. పోటీ పరీక్షల మీద రాసేవాళ్ళున్నారు. మేము తప్పు చేసి, నవ్వులపాలై, సొంతంగా నేర్చుకున్నది మాత్రం ఒక్కటే. ఎండాకాలం మొదట్లో ఏ కూరగాయలు వేయాలి, ఏవి వేయకూడదు అన్నది. అందుకే బెండకాయ మీద, బీరకాయ మీద రాస్తున్నాం. నవ్వుకున్నా పర్వాలేదు, చివరిదాకా చదవండి.

పాత అన్నలకు హాస్టల్ వెనక జాగా గుర్తుండే ఉంటుంది. మెస్ గోడకూ ప్రహరీగోడకూ నడుమ గుంటన్నర ఉంటుంది. సర్కారు తుమ్మ, విరిగిన మంచాలు, బియ్యం కడిగిన నీళ్ళ మడుగు, దోమలు. 2024 సంక్రాంతి సెలవుల తర్వాత దాన్ని బాగుచేసి కూరగాయలు పండిద్దామనుకున్నాం. అప్పుడు మేము డిగ్రీ చివరి సంవత్సరం. అప్పటికి మాకు నెలకు డైట్ ఛార్జీ 1,500 రూపాయలు, అంటే మూడు పూటలకు కలిపి రోజుకు 50. ఆ ఏడాది నవంబరులో అది 2,100 అయింది. ఎండలు ముదిరేకొద్దీ కూరగాయల ధరలు పెరుగుతాయి, సాంబారులో ముక్కలు తగ్గుతాయి. ఆ సంగతి మీకు కొత్తగా చెప్పక్కర్లేదు.

తలా ఇరవై రూపాయలు వేసుకుని విత్తనాల దుకాణానికి వెళ్ళాం. అక్కడే మొదటి తప్పు చేశాం. ప్యాకెట్ల మీద బొమ్మలు చూసి కొన్నాం. గోబిపువ్వు, క్యారెట్, టమాట, కొత్తిమీర, చిక్కుడు. మనకు మెస్‌లో ఏవి తినాలనిపిస్తుందో అవే కొన్నాం తప్ప, ఆ నెలలో ఏవి బతుకుతాయో అడగలేదు. దుకాణదారు మా మొహాలు చూసి "చదువుకునే పిల్లలు కదా, తెలిసే ఉంటది" అన్నాడు. మేము కూడా తెలిసినట్టే తలూపాం.

ఫిబ్రవరి చివర్లో నాటాం. గోబి మొక్కలు ఆకులేసి అలాగే నిలబడ్డాయి, పువ్వు కట్టలేదు. అది చలికాలపు పంట. క్యారెట్ మొలవడమే సగం మొలిచింది, దుంప వేలంత కూడా ఊరలేదు. కొత్తిమీర జానెడు ఎదగకముందే పూతకొచ్చి ఎండిపోయింది. టమాట బాగా ఎదిగి పూసింది. మేము సంతోషపడ్డాం. ఏప్రిల్లో పూసిన పూలు పూసినట్టే రాలిపోయాయి. పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రి కూడా వేడి తగ్గకపోతే టమాట పుప్పొడి పనిచేయదు, పిందె పడదు. ఇది తర్వాత పుస్తకంలో చదువుకున్నాం.

అన్నింటికన్నా మోసం చేసింది చిక్కుడు. పాదు గోడెక్కి, కిటికీ ఎక్కి, నీళ్ళ ట్యాంకు పైపుల దాకా పాకింది. ఒక్క పువ్వు లేదు. చిక్కుడు పొద్దు తక్కువుండే రోజుల్లోనే పూస్తుంది. ఎండాకాలం పొద్దు పెరిగేకొద్దీ ఆకే వేస్తుంది. మెస్‌లో వండే అమ్మ రోజూ దాన్ని చూసి, "మంచిగ నీడైతే అయింది బిడ్డా" అనేది. జూనియర్లు మాకు "గోబిపువ్వు బ్యాచ్" అని పేరు పెట్టారు. ఆ పేరు ఇప్పటికీ ఉంది.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. మాలో దాదాపు అందరి అమ్మలూ నాన్నలూ కూలికి పోయేవాళ్ళే. విత్తనం పెట్టడం, కలుపు తీయడం, కాయ తెంపడం వాళ్ళు పుట్టినప్పటి నుంచి చేస్తున్న పని. ఇళ్ళలో డిగ్రీ దాకా వచ్చిన మొదటివాళ్ళం మేమే. ఆ ఏడాది మేము పుస్తకాలు చూశాం, ఫోన్లలో వీడియోలు చూశాం, దుకాణంలో అడిగాం. ఇంటికి ఫోన్ చేసి మాత్రం అడగలేదు. వాళ్ళకు తెలుసన్న ఊహే మాకు రాలేదు. అంతకుముందు ఎన్నోసార్లు ఫోన్లో "నీకేం తెల్వదమ్మా, ఊకో" అన్న నోళ్ళే ఇవి.

2025 సంక్రాంతికి ఊళ్ళకు పోయినప్పుడు అడిగాం. ఎవరింట్లో వాళ్ళు అడిగి, చెప్పింది చెప్పినట్టు నోటుబుక్కులో రాసుకొచ్చాం. హాస్టల్‌కొచ్చి అన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే ఆశ్చర్యమేసింది. వేర్వేరు మండలాలు, వేర్వేరు ఊళ్ళు. జాబితా మాత్రం దాదాపు ఒక్కటే. బెండ, గోకర, బీర, సొర, కాకర, పప్పుదోస, తోటకూర, బచ్చలి. "శివరాత్రి ముందు పెట్టుండ్రి, ఉగాదికి తీగలు పారాలె" అని ఒకరి అమ్మ చెప్పింది. ఇంకొకరి నాయనమ్మ, "ఎండకు భయపడే దాన్ని పెట్టి నీళ్ళు మోసుడెందుకు? ఎండను కోరేది పెట్టుండ్రి" అన్నది. మేము ఏడాది పాటు తెలుసుకోలేకపోయింది ఆ ఒక్క మాటలో ఉంది.

ఆ తర్వాత జరిగింది మేము అనుకోనిది. పని మొదలుపెట్టే రోజు మా బ్యాచ్‌లోనే గొడవైంది. ఒక మిత్రుడు పార ముట్టనన్నాడు. "మా నాయిన పటేలు చేన్ల గడ్డపార పట్టిండు. నేను పట్టొద్దనే నన్ను ఈడికి పంపిండు. మళ్ళ మట్టి పనేనా?" అన్నాడు. ఎవరం జవాబు చెప్పలేకపోయాం. వాడన్నది తప్పు కాదు. పూర్వం హాస్టళ్ళలో పిల్లలతో పనులు చేయించిన సంగతులు మనం పెద్దవాళ్ళ నోట విన్నవే. ఇంకొకరి నాన్నకు ఫోన్లో తెలిసి, "నిన్ను చదివిస్తున్నది ఇందుకా" అని రెండు రోజులు మాట్లాడలేదు.

రెండు రాత్రులు కూర్చుని మాట్లాడుకుని కొన్ని నియమాలు పెట్టుకున్నాం. ఇష్టమున్నవాళ్ళే రావాలి. జూనియర్లతో పని చెప్పి చేయించకూడదు. పరీక్షలున్నవాళ్ళు రానక్కర్లేదు. పని చేసినా చేయకపోయినా కూర అందరికీ ఒక్కటే. వార్డెన్ సార్‌కు కూడా ఇదే చెప్పాం, ఆయన ఒప్పుకున్నారు. పార ముట్టనన్న మిత్రుడికి లెక్కల పుస్తకం ఇచ్చాం. ఏ రోజు ఏం పెట్టాం, ఏ రోజు ఏం కోశాం అన్నీ వాడే రాశాడు. ఈ వ్యాసంలోని తేదీలన్నీ వాడి పుస్తకంలోవే.

2025లో శివరాత్రి ఫిబ్రవరి 26న వచ్చింది. దానికి వారం ముందు, 19న విత్తనం పెట్టాం. బెండ గింజల్ని ముందు రాత్రి నానబెట్టాం. సొర, కాకర గింజల పెంకు గట్టిది కాబట్టి తడిగుడ్డలో చుట్టి వెచ్చటి చోట ఉంచి, ముక్కు పగిలాక పాదుల్లో పెట్టాం. బెండ సాళ్ళ మధ్య మూరెడు, మొక్కకూ మొక్కకూ జానెడు ఎడం. ఎండాకాలం బెండ కొమ్మలు ఎక్కువ వేయదు కాబట్టి కొంచెం దగ్గరగా పెట్టినా ఫర్వాలేదని చెప్పారు. గోకరకు 'పూసా నవబహార్' రకం దొరికింది. అది నీళ్ళు తక్కువైనా ఓర్చుకుంటుంది కాబట్టి ట్యాంకుకు దూరంగా ఉన్న మూల దానికిచ్చాం. బీర, సొర, కాకరలకు కొట్టేసిన తుమ్మ కొయ్యలూ పాత బట్టల తీగలూ కలిపి పందిరి వేశాం. పప్పుదోసను నేల మీదే పారనిచ్చాం.

నీళ్ళకు మెస్‌లో బియ్యం, కూరగాయలు కడిగిన నీళ్ళే వాడాం. గిన్నెలు తోమిన సబ్బు నీళ్ళు పోయలేదు. పొద్దున్నే గానీ, పొద్దుగూకాక గానీ పోశాం. మొదళ్ళ చుట్టూ వరిగడ్డి పరిచాక తడి మరో రోజు నిలిచింది.

మొదట చేతికొచ్చింది తోటకూర. నెల తిరగకముందే పప్పులోకి వచ్చింది. మాలో బాటనీ చదివే మిత్రుడు క్లాసులో విన్నది చెప్పాడు. తోటకూర సీ-4 మొక్క అట. జొన్న, మొక్కజొన్న కూడా అదే కోవ. ఎండ ఎక్కువున్నప్పుడు, నీళ్ళు తక్కువున్నప్పుడు కూడా ఆకులో ఆహారం తయారీ తగ్గకుండా చూసుకుంటుంది. "అదే మా అవ్వ చెప్పింది, సీ-4 అనలేదంతే" అన్నాడు పక్కవాడు.

కష్టాలు లేవని కాదు. మార్చి చివర్లో బెండ ఆకుల ఈనెలు పసుపుపచ్చగా మారాయి. అది పల్లాకు తెగులు. తెల్లదోమ వల్ల వ్యాపిస్తుంది, వచ్చిన మొక్కకు మందు లేదు. పదకొండు మొక్కల్ని పీకి దూరంగా తగలబెట్టాం, మిగతావాటికి వేపగింజల కషాయం కొట్టాం. పాతిక దాకా నిలిచాయి. ఈసారి తెగులు తట్టుకునే 'అర్కా అనామిక' వంటి రకం చూసుకుంటే మంచిది. బీర పాదుకు మొదట్లో అన్నీ మగపూలే వచ్చాయి. వేడికి, పొడుగు పగళ్ళకు మగపూలు ఎక్కువొస్తాయి, కంగారుపడొద్దు. ఆడపువ్వుకు కింద చిన్న పిందె ఉంటుంది, చూస్తే తెలిసిపోతుంది. బీరపూలు సాయంత్రం విచ్చుకుంటాయి. తేనెటీగలు కనబడక పిందెలు పండి రాలుతుంటే, సాయంత్రం హాజరు అయ్యాక మేమే మగపువ్వు కోసి ఆడపువ్వుకు అద్దాం. దానికి వేసిన జోకులు ఈ సంచికలో రాయలేం.

ఏప్రిల్ 14న అంబేడ్కర్ జయంతి. ఆ రోజు మధ్యాహ్నం భోజనంలో మా పెరటి బెండకాయ వేపుడు పెట్టారు. మనిషికి రెండు గరిటెలు వచ్చింది. గోబిపువ్వు బ్యాచ్ అని పేరు పెట్టిన జూనియర్లే రెండోసారి అడిగారు. దోసకాయలు, సొరకాయలు మేలో సెమిస్టర్ పరీక్షలప్పుడు వచ్చాయి. ఊళ్ళకు పోకుండా పరీక్షలకు మిగిలిన వాళ్ళందరం అవే తిన్నాం. హాస్టల్ కూరగాయల ఖర్చంతా తీరిందని చెప్పం, అది అబద్ధం. వారానికి మూడు పూటలు సాంబారులో ముక్కలు కనబడ్డాయి. అంతే.

మే రెండో వారంలో మాలో ఒకరి అమ్మ వచ్చింది. అంతకుముందు వచ్చినప్పుడల్లా గేటు దగ్గరే మాట్లాడి పంపించేవాళ్ళం. ఎందుకో మీలో కొందరికి తెలుసు. కూలి చీరతో వచ్చిన అమ్మను మిత్రుల ముందుకు తీసుకురావడానికి మనసొప్పేది కాదు. ఈసారి వెనక్కు తీసుకుపోయాం. ఆమె సాళ్ళ మధ్య నడిచింది. ముదిరిన బెండకాయల్ని చూసి, "దినం తప్పి దినం తెంపాలె, లేకుంటే చెట్టు కాయుడు బంద్ చేస్తది" అని మందలించింది. కొంగు దోపుకుని తెంపబోయి ఆగింది. అటూ ఇటూ చూసి, "ఎవరినన్న అడగాల్నా?" అన్నది.

ఎవరినీ అడగక్కర్లేదని చెప్పాం. ఇది మేమే పెట్టుకున్నదని, తెంపింది మేమే తింటామని చెప్పాం. ఆమె కాసేపు ఏమీ అనలేదు. తర్వాత వరుసగా తెంపుకుంటూ పోయింది. ఆమె వేగాన్ని మేము అందుకోలేకపోయాం. పోయేటప్పుడు నాలుగు బెండకాయలు, ఒక దోసకాయ సంచిలో పెట్టి ఇచ్చాం. నలభై ఏళ్ళుగా పరాయి చేన్లలో కాయ తెంపిన మనిషి, కొడుకు ఇచ్చిన కాయ ఇంటికి తీసుకుపోయింది. లెక్కల పుస్తకం రాసే మిత్రుడు ఆ సాయంత్రం ఎవరూ చెప్పకుండానే వచ్చి నీళ్ళు పోశాడు.

తమ్ముళ్ళకు చివరగా నాలుగు మాటలు. ఎండాకాలానికి పైన చెప్పిన ఎనిమిది రకాలే వేయండి. చిక్కుడు తొలకరికి పెట్టండి, చలికాలానికి కాస్తుంది. గోబిపువ్వు మీద ఆశ ఉంటే వానలు తగ్గి చలి మొదలయ్యే దాకా ఆగండి. హైబ్రిడ్ కాయల నుంచి విత్తనం తీయకండి, మళ్ళీ అట్లాగే కాయవు. ఊరి నుంచి తెచ్చుకున్న దోస, సొర, తోటకూర విత్తనాలు బూడిద కలిపి డబ్బాలో పోసి మెస్‌లో వండే అమ్మ దగ్గర పెట్టాం. లెక్కల పుస్తకం కూడా ఆమె దగ్గరే ఉంది. మేము ఈ వేసవితో చదువు ముగించుకుని వెళ్ళిపోతున్నాం. విత్తనం పెట్టే ముందు పుస్తకం చూడండి. అంతకంటే ముందు ఇంటికి ఒక ఫోన్ చేయండి.