కామారెడ్డి మీదుగా ఎవరైనా పోతే

శ్రీనగర్ నుంచి కన్యాకుమారి పోయే 44వ నంబరు హైవే మా బాన్సువాడకు రాదు, కామారెడ్డి దాకా పోవాలి. 2020 చివర్లో హైదరాబాద్‌లోని ఆదిత్య మెహతా ఫౌండేషన్, బీఎస్ఎఫ్ కలిసి ఆ హైవే లెక్కనే కశ్మీర్ నుంచి కన్యాకుమారికి దివ్యాంగుల సైకిల్ యాత్ర జరిపాయి. ఆ ఫౌండేషన్ పెట్టిన ఆదిత్య మెహతాకు రోడ్డు ప్రమాదంలో ఒక కాలు పోయింది. ఆ తర్వాతే 2013 ఆసియా పారా సైక్లింగ్‌లో రెండు వెండి పతకాలు తెచ్చిండు.

ఒంటికాలితో సైకిలా అంటారేమో. బూటు పెడల్‌కు బిగుసుకుని ఉంటది. కిందికి తొక్కుడే కాదు, అదే కాలుతో మళ్లీ పైకి గుంజాలి. కృత్రిమ కాలు పెట్టుకున్నోళ్లకు తొడిగిన చోట చెమట పట్టి, ఒరుసుకుని, పుండ్లు పడతయి. చూపు లేనోళ్లది జంట సైకిల్, ముందు సీట్లో చూపున్నోళ్లు కూర్చుంటరు. కాళ్లు పనిచేయనోళ్లు చేతులతో తిప్పేదాని మీద పోతరు. అది నేలకు ఎంత దగ్గరగా ఉంటదంటే లారీ డ్రైవర్‌కు కనబడాలని జెండా కడతరు.

ఇట్లాంటి యాత్రలకు చందా అడిగితే "పింఛన్ వస్తది కదా అన్నా" అనేటోళ్లు మనలోనే ఉన్నరు. పింఛన్ తిండికే సరిపోదు, రేసు సైకిల్ ఎక్కడ కొంటరు? నేనైతే ఇస్తా. జెండా ఊపి ఫొటో దిగుడు నాకు నచ్చదు. సైకిల్ తొక్కేటోళ్ల వెనకాల మెల్లగా నడిచే బండికి డీజిల్ కావాలె, పంక్చర్ వేసే మనిషి కావాలె.

ఈసారి కామారెడ్డి మీదుగా ఇట్లాంటి యాత్రలో ఎవరైనా పోతే నీళ్లు, అరటిపండ్లు నావి. బండి ఎవరు తీస్తరు?