టైరుకీ జ్వరం వస్తుంది!

రేసు ట్రాక్ అనగానే అందరికీ స్పీడే గుర్తొస్తుంది. నాకు మాత్రం గాలి మీటరు!

చెన్నై శివార్లలో, శ్రీపెరంబుదూరు దారిలోని ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌కి వీలున్నప్పుడల్లా వెళ్తుంటాను. ఒక చుట్టు సుమారు 3.7 కిలోమీటర్లు. 1990 నుంచీ అక్కడ రేసులు జరుగుతున్నాయి. సొంత కారు తెచ్చుకుని నడిపేవాళ్లకీ కొన్ని రోజుల్లో చోటిస్తారు. నాది రేసుకారేం కాదు. రోజూ ఆఫీసుకెళ్లే చిన్న కారు, దానికున్న మామూలు టైర్లు. మర్నాడు వాటిమీదే హైదరాబాద్ చేరాలి. అందుకే వాటి వేడి మీద నాకంత ధ్యాస.

రేసు టైరుకి వేడి కావాలి. ఫార్ములా వన్‌లో అయితే టైర్లకు కరెంటు దుప్పట్లు కప్పి మరీ వెచ్చబెడతారు. మన టైరు సంగతి వేరు. చలిలో, వానలో మొదటి బ్రేకుకే పట్టు దొరకాలని తయారుచేసిన రబ్బరది. ట్రాక్ మీద బ్రేకు, మలుపు, మళ్లీ వేగం... దానికి ఊపిరి తిప్పుకునే తీరికుండదు. గాడుల మధ్యనున్న రబ్బరు బుడిపెలు అటూ ఇటూ నలుగుతాయి. నలిగినకొద్దీ వేడి. అది మితిమీరితే నూనె రాసినట్టు జారుడే! కొత్త టైరుకి గాడుల లోతు దాదాపు 8 మిల్లీమీటర్లు. బుడిపెలు ఎత్తుగా ఉండి ఇంకా ఎక్కువ నలుగుతాయి. అందుకే ట్రాక్ మీద కొత్తవాటికన్నా కాస్త అరిగినవే నయం.

నా పద్ధతి చెబుతాను. ఒక చుట్టు నెమ్మదిగా, రెండు జోరుగా, మరొకటి చల్లబరచడానికి. ఆగగానే మీటరు పెడతాను. పొద్దున 33 పాయింట్లున్న గాలి 40 దాకా వెళ్తుంది. లోపలి గాలి వేడి ఆరు డిగ్రీలు పెరిగితే దాదాపు ఒక పాయింటు పెరుగుతుంది మరి. అంతగా ఉబ్బితే పట్టు తగ్గుతుంది కాబట్టి 36కి దించుతాను. స్టీరింగ్ తిప్పినా కారు మలుపు బయటికే పోతోందంటే, ముందు టైర్లు ‘ఇక చాలు’ అంటున్నాయన్నమాట.

కిందటి వేసవిలో నాన్న కూడా వచ్చారు. సాయంత్రం టైర్లు పూర్తిగా చల్లారాక మీటరు 28 చూపించింది. హైవే ఎక్కేముందు పంక్చర్ షాపు దగ్గర ఆపి, 33 కొట్టమన్నాను.

‘‘ఇందాక నువ్వే కదరా తీశావు! అసలే ఎండలు. ఎక్కువ కొట్టిస్తే పేలిపోదూ?’’ అన్నారు నాన్న.

ఎంతమందిదో ఈ నమ్మకం! వేసవి రాగానే రెండు మూడు పాయింట్లు తగ్గించి కొట్టించేవాళ్లు మన చుట్టూ ఎందరో. నిజం మాత్రం తలకిందులు. గాలి తగ్గితే, చక్రం తిరిగిన ప్రతిసారీ టైరు పక్కగోడలు మరింత వంగుతాయి. ఆ వంగడమే వేడి పుట్టిస్తుంది. ట్రాక్ మీద నేను గాలి తీసింది టైరు కాలుతున్నప్పుడు, కొలిచి మరీ. ఆ తర్వాత నడిపింది రెండు జోరు చుట్లు, మళ్లీ కొలత. హైవే మీద కొలిచేదెవరు? కారు నిండా మనుషులు, డిక్కీ నిండా సామాను, గంటల తరబడి ఎండలో పరుగు... లోపలి పొరలు విడిపోయి టైరు పేలేదాకా తెలియకపోవచ్చు.

డ్రైవరు తలుపు దగ్గర అంటించిన స్టిక్కర్ నాన్నకి చూపించాను. అందులోని అంకె చల్లటి టైరుకి. నడిచాక పెరిగే నాలుగు పాయింట్లూ కంపెనీవాళ్లు ముందే లెక్కలో వేసుకున్నవే.

‘‘మరి దారిలో ఎక్కువ చూపిస్తే?’’

‘‘తీయకూడదు నాన్నా. పొద్దున్నే, బండి కదలకముందు చూసుకోవాలి.’’

నాన్న కళ్లజోడు సవరించుకుని ఆ అంకె రెండుసార్లు చదివారు. తర్వాత వెనక్కి నడిచి డిక్కీ మీద తట్టారు.

‘‘బాబూ, ఇందులో స్టెప్నీ ఉంది. దానిక్కూడా కొట్టు!’’